క్రేన్ ఫ్లై: నల్గొండ, పాలమూరు జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

నాట్లు మొదలయ్యే రోజుల్లో, కాలువకు నీళ్లు వదిలాక, రాత్రిపూట వరండా లైటు చుట్టూ పొడుగుకాళ్ల పురుగొకటి తచ్చాడుతూ కనిపిస్తుంది. చూసినవాళ్లలో కొందరు వెంటనే దోమల బ్యాట్ అందుకుంటారు. కొందరు ఫొటో తీసి "ఇదేం పురుగండీ?" అని అడుగుతారు. ఆ అడిగేవాళ్ల కోసమే ఈ జవాబులు. ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలను దృష్టిలో పెట్టుకుని రాశాం. కొనోసియా ఇర్రోరేటా అనే ఒక జాతి గురించి మాత్రం కాస్త ఎక్కువగా చెప్పాం. చెరువులు, కుంటలు, వరిమళ్లు ఉన్న మన నేలకు బాగా సరిపడే క్రేన్ ఫ్లై అదే.

ఇంత పెద్ద దోమ ఉంటుందా? అసలు ఇది దోమేనా?

దోమ కాదు. దోమ, క్రేన్ ఫ్లై రెండూ ఈగల వర్గానికే చెందుతాయి. రెండింటికీ ఎగరడానికి ఒకే జత రెక్కలుంటాయి. బంధుత్వం అంతవరకే. దోమకు చర్మంలోకి దిగే తొండం ఉంటుంది, క్రేన్ ఫ్లైకి అది లేదు. దోమ రెక్కల ఈనెల మీద సన్నని పొలుసులుంటాయి, క్రేన్ ఫ్లై రెక్కల మీద అవి కనిపించవు. కాళ్లయితే ఒంటి పొడవుకు రెండింతలు కూడా ఉంటాయి, గట్టిగా తాకితే ఊడి చేతికొస్తాయి.

కచ్చితంగా తేల్చుకోవాలంటే ఒక భూతద్దం చాలు. పురుగు వీపు మీద, రెక్కలు మొదలయ్యే చోట, ఇంగ్లిష్ అక్షరం 'వి' ఆకారంలో ఒక గాడి కనిపిస్తుంది. ఆ గాడి ఉంటే క్రేన్ ఫ్లై అని దాదాపు తేలిపోయినట్టే. పనిలో పనిగా రెక్కల వెనక కూడా చూడండి. చిన్న అగ్గిపుల్లల్లా, చివర గుండ్రటి బొడిపెతో రెండు అవయవాలు ఒంటికి చెరోపక్క నిలబడి ఉంటాయి. అవి రెండో జత రెక్కలు మారిపోయిన రూపం. ఎగిరేటప్పుడు వేగంగా ఊగుతూ పురుగు బ్యాలెన్స్ తప్పకుండా చూస్తాయి. ఈగల్లో, దోమల్లో కూడా ఇవి ఉన్నాయి కానీ మామూలు కంటికి ఆనవు. క్రేన్ ఫ్లైలో భూతద్దం లేకున్నా కనిపిస్తాయి. పిల్లలకు చూపిస్తే మళ్లీ మళ్లీ చూస్తామంటారు.

చెరువు పక్క ఊళ్లలో సాయంత్రం పూట గుంపులుగా లేచి తల చుట్టూ ముసిరే చిన్న పురుగులు వేరు. అవి కైరోనమిడ్ అనే ఇంకో కుటుంబం. అవీ కుట్టవు. బాత్‌రూమ్ మూలల్లో గూడు కట్టుకుని వేలాడే పొడుగుకాళ్ల జీవికి ఎనిమిది కాళ్లుంటే అది సాలీడు.

కుడుతుందా? డెంగీ, మలేరియా వస్తాయని టెన్షన్ పడాలా?

అక్కర్లేదు. కుట్టదు, రక్తం తాగదు, ఏ జబ్బూ అంటించదు. విషం ఉందన్న మాటలోనూ నిజం లేదు. కొన్ని రకాలకు ముందుకు సాగిన మూతి ఉంటుంది, అది పూలలో తేనె పీల్చడానికి మాత్రమే. చాలా రకాలు పెద్దయ్యాక తినేది చాలా తక్కువ. ఆడ పురుగు కడుపు చివర ముల్లులా కనిపించేది కూడా కొండి కాదు, మట్టిలో గుడ్లు పెట్టే అవయవం. చంటిపిల్లలున్న గదిలోకి వచ్చినా భయపడాల్సిన పని లేదు.

దోమలను పట్టి తింటుందట కదా?

తినదు. అమెరికాలో కొందరు దీన్ని దోమలను వేటాడే పురుగని పిలవడం వల్ల పుట్టిన అపోహ అది. దోమలను పట్టి తినడానికి తగిన నోరు దీనికి లేదు. నిజంగా దోమలను తినేవి తూనీగలు, గబ్బిలాలు, చెరువులోని చిన్న చేపలు.

శాస్త్రవేత్తలు దీన్ని ఏ వరుసలో పెడతారు?

ఈగలు, దోమలు అన్నీ కలిసిన క్రమం డిప్టెరా. అందులో క్రేన్ ఫ్లైలన్నిటినీ టిప్యులాయిడియా అనే పెద్ద గుంపుగా పెడతారు. టిప్యులా అనే ప్రజాతిని (దగ్గరి బంధుత్వం ఉన్న జాతుల గుంపును) 1758లో లిన్నేయస్ ఏర్పరిచాడు. 1802లో ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త లాత్రెయి టిప్యులిడే కుటుంబానికి పేరు పెట్టాడు. చాలాకాలం క్రేన్ ఫ్లైలన్నీ ఆ ఒక్క కుటుంబంలోనే ఉండేవి. 1992లో చెక్ శాస్త్రవేత్త యారోస్లావ్ స్టారీ వాటిని నాలుగు కుటుంబాలుగా చూడాలని ప్రతిపాదించాడు. ఇప్పుడు ఎక్కువమంది ఆ పద్ధతినే పాటిస్తున్నారు. పాత పుస్తకంలో ఒక కుటుంబం పేరు, కొత్త వెబ్‌సైట్‌లో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడొద్దు. పురుగు అదే, దాన్ని పెట్టిన గది మారింది.

ఆ నాలుగింటిలో లిమోనిడే అన్నిటికన్నా పెద్దది, 10 వేలకు పైగా జాతులున్నాయి. టిప్యులిడేలో 4 వేలకు పైగా ఉన్నాయి. పెడిసిడేలో సుమారు 500, సిలిండ్రోటోమిడేలో 70 వరకు ఉంటాయి. చివరి రెండూ ఎక్కువగా చల్లటి ప్రాంతాలవి. అన్నీ కలిపితే ప్రపంచంలో 15 వేలు దాటిన జాతులు. ఈగల వర్గంలో ఇంత పెద్ద గుంపులు కొన్నే ఉన్నాయి. వీటి శిలాజాలు ట్రయాసిక్ కాలం నుంచీ దొరుకుతున్నాయి, అంటే 20 కోట్ల ఏళ్లకు పైబడిన వంశం.

మన మైదానాల్లో పట్టించుకోవాల్సినవి లిమోనిడే, టిప్యులిడే. రెండింటినీ విడదీయడానికి చాలావరకు పనికొచ్చే గుర్తులు ఉన్నాయి. టిప్యులిడే పురుగులు పెద్దవి, కూర్చున్నప్పుడు ఎక్కువగా రెక్కలు విప్పి పెడతాయి. నోటి పక్కనుండే స్పర్శాంగం చివరి కణుపు కొరడాలా పొడుగ్గా ఉంటుంది. లిమోనిడే పురుగులు చిన్నవి, నాజూకువి, రెక్కలను వీపు మీదికి ముడుచుకుంటాయి, ఆ చివరి కణుపు పొట్టిగా ఉంటుంది. రెక్కల తీరు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు, అటూ ఇటూ మినహాయింపులున్నాయి. కణుపు గుర్తు దానికన్నా నమ్మదగ్గది.

కొనోసియా ఇర్రోరేటా ఎలా ఉంటుంది? ఆ పేరు ఎవరు పెట్టారు?

లిమోనిడే కుటుంబంలో లిమ్నోఫిలినే అనే ఉపకుటుంబానికి చెందినది. గోధుమ, బూడిద రంగులు కలిసిన ఒళ్లు. రెక్క పొడవు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. గుర్తుపట్టడానికి రెక్కలే ఆధారం. పాలిపోయిన రెక్క మీద ఈనెల వెంబడి వరసగా ముదురు చుక్కలుంటాయి, అంచుల దగ్గర కూడా చుక్కలే. లైటు కింద తెల్లగోడ మీద వాలితే ఆ చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. గడ్డిపరక మీద కూర్చుంటే మాత్రం కళ్లముందే ఉన్నా కనిపించదు. రెక్కలు ముడిచి, కాళ్లు పరక వెంట దగ్గరగా చేర్చుకుని, ఎండిన పుల్లముక్క అక్కడే విరిగి నిలిచినట్టు కదలకుండా ఉండిపోతుంది. మీరు వేలు పెట్టేదాకా లేవదు. శత్రువుల కంట పడకుండా అది పడే పాట్లు చూస్తే ముచ్చటేస్తుంది.

దీన్ని మొదట వర్ణించింది జర్మన్ వైద్యుడు, కీటక శాస్త్రవేత్త వీడెమాన్. యూరప్ బయటి ఈగల మీద 1828 నుంచి 1830 దాకా రెండు సంపుటాలు వెలువరించాడు. మొదటి సంపుటంలోనే ఈ జాతి ఉంది. అప్పుడు ఆయన దీన్ని లిమ్నోబియా అనే ప్రజాతిలో పెట్టాడు. 1880లో డచ్ శాస్త్రవేత్త ఫాన్ డెర్ వుల్ప్ కొనోసియా అనే ప్రజాతిని ఏర్పరిచాడు. ఇప్పుడు ఈ జాతి దానికిందే ఉంది. అందుకే దీని పూర్తి పేరు రాసేటప్పుడు 'వీడెమాన్, 1828' అన్నది బ్రాకెట్లో పెడతారు. జాతికి మొదట పేరు పెట్టినవాళ్లు వేరే ప్రజాతిలో ఉంచారు, తర్వాత అది మారింది అని చెప్పే పద్ధతి అది. బ్రాకెట్ లేకపోతే ప్రజాతి మారలేదని అర్థం. పీజీలో జువాలజీ చదివే పిల్లలు కూడా ఈ బ్రాకెట్‌ను పట్టించుకోకుండా వదిలేస్తుంటారు. వదలొద్దు, ఆ చిన్న గీతలో జాతి చరిత్ర ఉంటుంది.

ఇది మన దేశంలోనే ఉందా, ఇంకెక్కడైనా ఉందా?

చాలా చోట్ల ఉంది. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికా నుంచి భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా మీదుగా ఫిలిప్పీన్స్, జపాన్ దాకా, దక్షిణాన ఆస్ట్రేలియా దాకా వ్యాపించింది. ఒక్క జాతి ఇంత దూరం పరచుకోవడం క్రేన్ ఫ్లైలలో అరుదు. వీటిలో చాలా జాతులు ఒక కొండవరసకో, ఒక దీవికో పరిమితమై ఉంటాయి, ఎందుకంటే ఇవి బలంగా ఎగరగలిగేవి కావు. కొనోసియా మాత్రం వేడి ప్రాంతాల బురదనేల ఎక్కడున్నా సర్దుకుంటుంది. వరి సాగు కూడా దీనికి కలిసొచ్చిందనే నా అభిప్రాయం. మనిషి వేల ఏళ్లుగా నీళ్లు నిలిపిన మళ్లను ఆసియా అంతటా పరుస్తూ వచ్చాడు, ఈ పురుగుకు కావలసిన నేల కూడా అదే.

మనవి కరువు జిల్లాలు కదా. ఇక్కడ తడి కోరుకునే పురుగు ఎలా బతుకుతుంది?

మంచి ప్రశ్న. పాలమూరులో ఏడాదికి పడే వాన తక్కువే, ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలు. క్రేన్ ఫ్లై గుడ్లు, పిల్లపురుగులు పొడిగాలికి తట్టుకోలేవు. నేల ఎండితే చచ్చిపోతాయి. అందుకని ఈ పురుగు జిల్లా అంతటా సమానంగా ఉండదు, తడి ఉన్న చోట్లనే ఉంటుంది. జిల్లా మ్యాపులో దాన్ని గుర్తించాలంటే ఊళ్ల పేర్లు పక్కన పెట్టి నీటి ఆనవాళ్లు చూడాలి.

మొదటిది చెరువు. నీళ్లు నిండుగా ఉన్న చోటు కన్నా, నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడే శిఖం అంచు ముఖ్యం. కాలు పెడితే మడమ దాకా దిగే మెత్తటి బురద, అందులో కుళ్లుతున్న గడ్డి, తుంగ. మత్తడి కింద, తూము దగ్గర ఎప్పుడూ చెమ్మగా ఉండే జాగా కూడా అంతే. నల్గొండ పక్కన పానగల్ ఉదయసముద్రం అంచులు, కోయిల్‌సాగర్, డిండి చుట్టుపక్కల చెమ్మనేలలు వెతకడానికి తగిన చోట్లు.

రెండోది కాలువ. 1967లో నాగార్జునసాగర్ నుంచి నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మెట్ట చేలు ఎన్నో వరిమళ్లయ్యాయి. మూసీ, జూరాల ఆయకట్టుల్లోనూ అంతే. కాలువ గట్టు కింద ఊటనీరు చేరి సన్నగా పారే చోట పచ్చగడ్డి ఎండాకాలం కూడా నిలుస్తుంది. ఆ చారలోనే ఈ పురుగులు. కాలువకు సిమెంట్ లైనింగ్ వేస్తే చివరి రైతుకు నీళ్లు అందుతాయి, అది కావలసిందే. కానీ ఆ ఊట ఆగిపోగానే కప్పలు, క్రేన్ ఫ్లైలు, వాటి మీద బతికే పిట్టలు కూడా ఖాళీ చేస్తాయి. ఆ సంగతి లెక్కలో ఎవరూ రాయరు, రాయాలి.

మూడోది, బోరు నీళ్ల మడి. చుట్టూ పొడి, మధ్యలో అరెకరం వరి. ఇలాంటివి దేవరకొండ, కల్వకుర్తి వైపు బాగా కనిపిస్తాయి. నాలుగోది ఇంటి వెనకే ఉంటుంది: బోరింగ్ కింద నీళ్లు నిలిచే జాగా, పెంటకుప్ప అడుగు, పశువుల కొట్టం పక్క మురుగు, అరటి మొదళ్లు. కొన్ని క్రేన్ ఫ్లై జాతులకు అదే చాలు.

నల్లమల సంగతి మళ్లీ వేరు, దాన్ని కింద విడిగా చెప్పాం.

ఎండాకాలం అవన్నీ ఎక్కడికి పోతాయి?

పెద్ద పురుగు బతికేది కొద్ది రోజులే, మహా అయితే రెండు వారాలు. దాని జీవితంలో ఎక్కువ భాగం పిల్లపురుగుగా మట్టిలోనే గడుస్తుంది. తడి మిగిలిన చోట ఎండల్లో కూడా ఆ జీవితం సాగుతుంది. తడి పోయిన చోట ఆగిపోతుంది. వానలు పడి చెరువు నిండాక మిగిలిన చోట్ల నుంచి మళ్లీ వచ్చి చేరతాయి.

పిల్లపురుగు ఎలా ఉంటుంది? చూడొచ్చా?

చూడొచ్చు, చేతులు బురదవుతాయంతే. చెరువు అంచున బురద ఒక దోసెడు తీసి తెల్లటి పళ్లెంలో వేసి, కొద్దిగా నీళ్లు పోసి నెమ్మదిగా కదపండి. బూడిద రంగులో, కాళ్లు లేని, మెత్తటి పొడుగాటి పురుగులు కనిపిస్తాయి. వానపాము అనుకునే అవకాశం ఉంది. తల ఎక్కడుందో వెంటనే తెలియదు, ఎందుకంటే ఈ పిల్లపురుగు తలను ఒంట్లోకి లాక్కోగలదు. కొంచెం ఆగితే నల్లటి చిన్న తల బయటికొస్తుంది.

అసలు చూడాల్సింది తోక చివర. అక్కడ ఒక పళ్లెం లాంటి భాగం, దాని మీద రెండు నల్లటి గుండ్రటి రంధ్రాలు, చుట్టూ మెత్తటి తమ్మెలు. ఆ రెండు రంధ్రాలే దాని ముక్కు. పురుగు బురదలో తలకిందులుగా ఉండి తోకను నీటి పైపొర దాకా చాపి గాలి పీలుస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు తమ్మెలు ముడుచుకుని రంధ్రాలను మూసేస్తాయి. టిప్యులిడేలో మామూలుగా ఆరు తమ్మెలుంటాయి, లిమోనిడేలో ఎక్కువగా ఐదు. పిల్లపురుగును కూడా కుటుంబం దాకా గుర్తించడానికి ఇది పనికొస్తుంది.

చాలా రకాలు కుళ్లిన ఆకులు, గడ్డి, వేళ్ల ముక్కలు, నాచు తింటాయి. హెక్సటోమా లాంటి కొన్ని ప్రజాతుల పిల్లపురుగులు ఇతర చిన్న జీవులను వేటాడతాయి. నాలుగు దశలు పెరిగి, ప్యూపాగా (రెక్కల పురుగుగా మారే ముందు దశ) మారి, చివరికి నేలను చీల్చుకుని పైకొస్తాయి. గట్టు మీద ఖాళీ ప్యూపా తొడుగులు నిలబడి కనిపిస్తే రాత్రి అక్కడ పురుగులు బయటికొచ్చాయని అర్థం. చూశాక బురదను తీసిన చోటే వదిలేయండి.

వరికి నష్టం చేస్తుందా? మందు కొట్టాలా?

మన దగ్గర వరికి దెబ్బకొట్టే పురుగుల్లో క్రేన్ ఫ్లై లేదు. మందు అవసరం లేదు. జపాన్‌లో టిప్యులా ఐనో అనే జాతి నారుమళ్లలో మొలకలను పాడు చేస్తుంది, కానీ అది అక్కడి చల్లటి నేలల కథ. మన మళ్లలో వీటి పిల్లపురుగులు చేసేది ఎక్కువగా కొయ్యకాళ్లను, కుళ్లిన గడ్డిని చిన్న ముక్కలు చేసి మట్టిలో కలపడం. రైతుకు కూలీ అడగని పనివాడు.

చిక్కంతా ఎక్కడొస్తుందంటే, పొలంలో దోమలాంటిది ఏది లేచినా "దోమ పడింది" అని షాపుకు వెళ్లి మందు తెచ్చేస్తారు. వాళ్లు భయపడే సుడిదోమ అసలు దోమే కాదు, అది నల్లి వంశానికి దగ్గరైన రసం పీల్చే పురుగు. నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, దుబ్బు మొదట్లో నీటికి కొంచెం పైన గుంపుగా ఉంటుంది. క్రేన్ ఫ్లై ఒంటరిగా పైన ఆకు మీద వాలుతుంది. దుబ్బును పక్కకు వంచి మొదలు చూడందే మందు జోలికి పోవద్దు.

ఉల్లికోడు ఇంకో చిక్కు. అది నిజంగానే చిన్న దోమలా ఉండే ఈగ, కాస్త ఎర్రటి ఒళ్లు, క్రేన్ ఫ్లైతో పోలిస్తే చాలా చిన్నది. దాని పిల్లపురుగు పిలకలోకి దూరి అంకురాన్ని తినేస్తే, ఆకు బదులు ఉల్లికాడ లాంటి తెల్లటి గొట్టం వస్తుంది. ఆ గొట్టం కనిపిస్తేనే ఉల్లికోడు. అనుమానం ఉంటే నల్గొండ వైపు వాళ్లు కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో, పాలమూరు వాళ్లు పాలెం వ్యవసాయ పరిశోధన స్థానంలో మొక్కను చూపించి అడగొచ్చు.

అనవసరంగా కొట్టిన మందు క్రేన్ ఫ్లైతో పాటు సాలీళ్లను, తూనీగలను, మిరిడ్ నల్లులను చంపుతుంది. సుడిదోమను అదుపులో పెట్టేవి సరిగ్గా అవే. కొయ్యకాళ్లు కాల్చడం కూడా అలాంటిదే. పిల్లపురుగులు తినాల్సిన గడ్డి పొగైపోతుంది, నేల సత్తువ తగ్గుతుంది. దయచేసి కాల్చకండి, దున్నేయండి.

లాన్‌లను, గ్రౌండ్‌లను పాడుచేస్తుందని ఇంటర్నెట్‌లో ఉంది. నిజమేనా?

యూరప్‌లో నిజం. అక్కడ టిప్యులా పాలుడోసా, టిప్యులా ఒలరేసియా అనే రెండు జాతుల పిల్లపురుగులు పచ్చిక వేళ్లను తింటాయి. 1935లో లండన్‌లోని లార్డ్స్ క్రికెట్ మైదానంలో ఇవి విపరీతంగా పెరిగాయి. గ్రౌండ్ సిబ్బంది వేలల్లో ఏరి కాల్చేయాల్సి వచ్చింది. పిచ్ మీద గడ్డి లేని మచ్చలు పడి, ఆ సీజన్‌లో బంతి అనుకోని విధంగా తిరిగింది. ఆ ఏడాది అక్కడే దక్షిణాఫ్రికా ఇంగ్లండ్ గడ్డ మీద తన మొదటి టెస్ట్ గెలిచింది. ఈ రెండు జాతులు ఉత్తర అమెరికాకు కూడా చేరి తలనొప్పిగా మారాయి.

అవి చల్లని, తేమ ఎక్కువున్న దేశాల జాతులు. అమెరికా వెబ్‌సైట్‌లో చదివి ఇక్కడి పెరట్లో మందు చల్లడం దండగ.

పట్టుకోగానే కాళ్లు ఎందుకు ఊడిపోతాయి?

తప్పించుకోవడానికి. తొడ మొదట్లో తేలిగ్గా విరిగే కీలు ఉంటుంది. బల్లి నోట్లో ఒక కాలు చిక్కితే దాన్ని వదిలేసి పురుగు ఎగిరిపోతుంది. ఊడిన కాలు మళ్లీ రాదు, ఎందుకంటే పెద్ద పురుగు ఇక చర్మం విడవదు. నాలుగు కాళ్లతో తిరిగేవి మామూలుగానే కనిపిస్తాయి.

ఇంట్లోకి వస్తే ఏం చేయాలి?

లైటు ఆపి కిటికీ తెరవండి, లేదా ఒక గ్లాసు బోర్లించి కింద కాగితం జరిపి బయట వదిలేయండి. చీపురు, బ్యాట్ వద్దు. వరండాలో తెల్లటి ఎల్ఈడీ బదులు పసుపు రంగు బల్బు పెడితే పురుగులు రావడం తగ్గుతుంది.

నల్లమలలో వేరే రకాలు ఉంటాయా?

మైదానంలో దొరకని ఆవాసాలు అక్కడున్నాయి కాబట్టి అక్కడ వెతికే తీరు కూడా మారాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మల్లెలతీర్థం, సలేశ్వరం, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం లాంటి చోట్ల రాతిగోడల మీద నీళ్లు సన్నటి పొరగా జారుతుంటాయి. ఆ తడి రాతి మీది నాచులోనే పెరిగే క్రేన్ ఫ్లైలు ఉంటాయి, డైక్రనోమియా, జెరానోమియా ప్రజాతుల్లో అలాంటివి ఉన్నాయి. చెట్టు తొర్రల్లో నిలిచిన నీరు, కుళ్లిన మాను, పుట్టగొడుగులు, వాగు ఇసుక, ఒక్కోటి ఒక్కో గుంపుకు ఇల్లు. ట్రెంటిపోలియా లాంటి నాజూకు పురుగులు నీడలో, సాలెగూళ్ల దారాలకు వేలాడుతూ విశ్రాంతి తీసుకుంటాయి. చిన్నవే అయినా సాలీడుకు చిక్కవు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి లాంటి పెద్ద నీడల్లో కూడా ఊడల మధ్య చీకటి మూలలు చూడటం మంచిది.

పసుపు ఒంటి మీద నల్ల చారలున్న నెఫ్రోటోమా ప్రజాతి పురుగులు మాత్రం తోటల్లో, గడ్డి ఉన్న చోట కూడా తిరుగుతాయి. వాటిని చూసి కందిరీగ అని భయపడేవాళ్లున్నారు. అవీ కుట్టవు.

అభయారణ్యంలో పురుగులను పట్టడానికి అటవీశాఖ అనుమతి ఉండాలి. ఫొటోతో సరిపెట్టండి. సలేశ్వరం జాతరకు వెళ్లేవాళ్లు ఆ తడి రాళ్ల మీద సబ్బు, షాంపూ వాడొద్దని ప్రత్యేకంగా అడుగుతున్నాం.

చైనాలో ప్రపంచంలోకెల్లా పెద్ద దోమ దొరికిందన్న వార్త ఏమిటి?

అది క్రేన్ ఫ్లైయే, హోలోరూసియా మికాడో అనే జాతి. 2017లో సిచువాన్‌లో దొరికింది, విప్పిన రెక్కల కొలత 11.15 సెంటీమీటర్లు. దోమ అని రాసిన పత్రికలన్నీ పొరబడ్డాయి.

మన జిల్లాల పేరుతో రికార్డులు ఎందుకంత తక్కువ?

వెతికినవాళ్లు కొండలకే వెళ్లారు కాబట్టి. మన దేశపు క్రేన్ ఫ్లైల మీద మొదటి పెద్ద పని ఎన్రికో బ్రునెట్టిది, 1912లో వచ్చింది. ఆ తర్వాత అమెరికాలోని మాసాచుసెట్స్‌లో కూర్చుని చార్లెస్ పాల్ అలెగ్జాండర్ (1889–1981) ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన నమూనాలతో 11 వేలకు పైగా జాతులను వర్ణించాడు. ఒక్క మనిషి, ఒకే గుంపు మీద, జీవితాంతం చేసిన పని అది. ఆయనకు దక్షిణ భారతం నుంచి నమూనాలు పంపినవాళ్లలో సూసై నాథన్ ముఖ్యుడు. ఆయన సేకరణ నీలగిరి, అనామలై లాంటి కొండల్లో బాగా సాగింది. ఉత్తరాన, హిమాలయాల్లో, అస్సాంలో ఫెర్నాండ్ ష్మిడ్ సేకరించాడు. చల్లటి కొండల్లో జాతులు ఎక్కువ, కొత్తవి దొరికే అవకాశం ఎక్కువ, అందుకని అందరూ అటే నడిచారు. దక్కన్ మైదానం మీదుగా రైలెక్కి వెళ్లిపోయారు.

మ్యాపులో మన దగ్గర చుక్క లేదంటే పురుగు లేదని కాదు, ఎవరూ ఆగి చూడలేదని. కొనోసియా లాంటి జాతి ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా పరచుకుని ఉన్నప్పుడు, మధ్యలో నల్గొండ చెరువు అంచును చూడటానికి పరాయి దేశపు నిపుణులు రావాల్సిన పని లేదు. డిగ్రీ కాలేజీ పిల్లలు, ఊళ్లోని టీచర్లు, రైతులు చేయగలిగిన పనే ఇది.

ఫొటో తీసి పంపాలంటే ఎలా తీయాలి?

పైనుంచి ఒక ఫొటో, రెక్కల ఈనెలు పూర్తిగా కనపడేలా. పక్కనుంచి ఒకటి, తల, నోటి స్పర్శాంగాలు పడేలా. కడుపు చివర దగ్గర్నుంచి ఒకటి: మొనదేలి ఉంటే ఆడది, మొద్దుగా ఉబ్బి ఉంటే మగది. కొలతకు పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. చాలా జాతులను ఫొటోతో ప్రజాతి దాకానే చెప్పగలం, జాతి తేల్చాలంటే మగ పురుగు కడుపు చివరి భాగాన్ని మైక్రోస్కోప్ కింద చూడాలి. కొనోసియా ఇర్రోరేటాకు మాత్రం రెక్కల చుక్కల వల్ల ఫొటో చాలావరకు సరిపోతుంది.

ఐనాచురలిస్ట్‌లో గానీ, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ ఉచితంగా పెట్టొచ్చు. కాలేజీ ప్రాజెక్టు అయితే హైదరాబాద్‌లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ సలహా అడగండి. చనిపోయిన పురుగు దొరికితే స్పిరిట్‌లో వేయడం కన్నా మడిచిన కాగితం పొట్లంలో ఆరబెట్టి ఉంచడం మేలు, రంగు పోదు, కాళ్లు ఊడినా పొట్లంలోనే ఉంటాయి.

పొట్లం మీద తేదీ, ఊరు, మండలం, ఎలాంటి జాగాలో దొరికిందో రాయండి. "నల్గొండ జిల్లా" అని మాత్రం రాస్తే సరిపోదు. 2016 అక్టోబర్‌లో ఆ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడైంది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట విడిపోయాయి. చెరువు పేరు, మత్తడి పక్కనా తూము కిందా అన్నది కూడా రాస్తే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చేవాళ్లు అదే బురదలో నిలబడి వెతకగలుగుతారు.